సబ్‌వూఫర్ కింద చీమకుర్తి రాయి వేస్తే అదురు ఆగుతుందా?

మోడరేటర్: పై ఇంట్లో సబ్‌వూఫర్, అంటే లోతైన శబ్దాల (బేస్) స్పీకరు, మోగితే కింది ఇంట్లో గిన్నెలు అదురుతున్నాయని ఒంగోలు అపార్ట్‌మెంట్లలో గొడవలవుతున్నాయి. దీనికి మన చీమకుర్తి గ్రానైట్ మందా? ముందు మేడమ్ చెప్పండి, మీరు కింది ఇంట్లో ఉంటారు కదా.

గృహిణి: రాత్రి పదకొండైనా ఆగదండీ. పాట వినపడదు, మంచం మాత్రం అదురుతుంది. మా అత్తగారికి నిద్ర...

గ్రానైట్ వ్యాపారి: అమ్మా, ఒక్క నిమిషం. రెండడుగులు, అడుగున్నర, 20 మిల్లీమీటర్ల మందం గెలాక్సీ గ్రానైట్ పలక దాదాపు 16 కిలోలు తూగుతుంది. సబ్‌వూఫర్ కింద వేశాక ఇంకేం కదులుతుంది?

సౌండ్ ఇంజినీర్: బరువు మంచిదే సార్. కానీ రాయిని నేరుగా నేల మీద పెడితే అదురు రాయిలోంచి శ్లాబులోకి దిగుతుంది. కింద మెత్తటి రబ్బరు...

వ్యాపారి: రబ్బరు కొన్నేళ్లకు బిరుసెక్కిపోతుంది. రాయి తరాలుంటుంది!

మోడరేటర్: అంటే మన జిల్లా రాయికి సాటి లేదంటారు.

ఇంజినీర్: నేనలా అనలేదండీ. రబ్బరు మీద రాయి అంటే స్ప్రింగ్ మీద బరువు. దానికో సొంత ఊపు ఉంటుంది. అది 10 హెర్ట్జ్, అంటే సెకనుకు పది ఊపులు, అయితే 14 దాటిన అదురే తగ్గుతుంది. సరిగ్గా పది దగ్గర ఇంకా పెరుగుతుంది. అందుకే రబ్బరు బరువుకు తగ్గట్టు మెత్తగా ఉండాలి, గట్టిదైతే...

వ్యాపారి: లెక్కలొద్దు సార్. నేను క్వారీలో పెరిగినవాణ్ణి. రాయి కదలదు.

రికార్డులు సేకరించే పెద్దాయన: నా బాధ వేరు బాబూ. మాది రైలు పట్టాల పక్క ఇల్లు. గూడ్సు వెళ్తే నేల అదురుని ఎల్పీ రికార్డు ప్లేయరు ముల్లు పాటతో పాటు పట్టేస్తుంది. స్పీకరు అదురు కూడా ముల్లుకు చేరి, మళ్లీ స్పీకర్లోకే వెళ్లి హోరుమంటుంది. ప్లేయరుని గోడ అరమీదికి మార్చాక కొంచెం...

మోడరేటర్: ఆ అర గ్రానైటేనా?

పెద్దాయన: టేకు చెక్క.

గృహిణి: 2000 నాటి శబ్ద నియమాల్లో ఇళ్ల దగ్గర రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్సే కదండీ?

ఇంజినీర్: అవునమ్మా. అయితే ఆ కొలతలో బేస్ తక్కువగా లెక్కకొస్తుంది. మీటరు సరే అంటుంది, మీ మంచం అదురుతూనే ఉంటుంది.

వ్యాపారి: అందుకే రాయి వేయమంటున్నా!

గృహిణి: వేస్తే ఎవరు కొనాలండీ? పై ఇంటివాళ్లా, మేమా?

మోడరేటర్: టైమ్ అయిపోయింది. చివరిగా గ్రానైట్ గురించి...

ఇంజినీర్: రబ్బరు సంగతి పూర్తి చేయనివ్వండి...

వ్యాపారి: నేను చెప్తా.