గీకితే పిన్ నంబరు

శ్రోతలకు నమస్కారం. ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంటికి ఫోన్ చేయాలంటే ఇండియన్ స్టోర్‌లో కాలింగ్ కార్డు కొనేవారు. వెనకాల గీకితే పిన్ నంబరు. ముందు కార్డు మీదున్న నంబరుకు ఫోన్ చేసి, పిన్ కొట్టి, ఆ తర్వాత ఇంటి నంబరు కొట్టాలి. డబ్బులు అయిపోతే అమ్మ మాట్లాడుతుండగానే లైను కట్!

ఇలా ముందే డబ్బు కట్టి ఏ ఫోన్ నుంచైనా మాట్లాడుకునే ఏర్పాటుకు జ్వీ కామిల్ అనే ఆయన 1985లో పేటెంటు అడిగారు. 1987లో అమెరికా ఇచ్చింది కూడా. డబ్బు తీసుకుని ఫోన్ కలపడానికి కూడా పేటెంటా? నాకూ మొదట అలాగే అనిపించింది. చిక్కు అక్కడే ఉంది. పొడుపు కథ విప్పేశాక ఎవరికైనా తేలికే.

అందుకే ఇది సులువుగా తట్టే ఆలోచనేనా అని చట్టం ఈనాటి మనల్ని అడగదు. దరఖాస్తు పెట్టిన నాటికి ఆ పనిలో చేయి తిరిగిన మామూలు మనిషిని ఊహించుకోమంటుంది. ఇక్కడైతే 1985 నాటి ఎక్స్ఛేంజి ఇంజినీరు. మన సుప్రీంకోర్టు కూడా 1978లో, పాత్రల తయారీలో వాడే లేత్ యంత్రానికి సంబంధించిన ఒక కేసులో, పనివాడు తన షెడ్డులో చేసుకునే చిన్నపాటి సవరణకు పేటెంటు రాదని చెప్పింది.

సరే, ఆ ఇంజినీరు ఎదుట అప్పటికి ఏమున్నాయి? నాణేలు వేసే ఫోన్ ఉంది. డబ్బు అయిపోగానే లైను తెంపడం దానికి తెలుసు. బ్రిటన్‌లో 1981 నుంచే, డబ్బు లెక్క కార్డులోనే ఉండే ఫోన్‌కార్డు ఉంది, కాకపోతే దానికి ప్రత్యేకమైన ఫోన్ పెట్టె కావాలి. ఖాతా నంబరు చెప్పి మాట్లాడి, తర్వాత బిల్లు కట్టే పద్ధతీ ఉంది. ముక్కలన్నీ ఉన్నట్టే. కామిల్ చేసిందల్లా డబ్బు లెక్కను ఫోన్ పెట్టెలోంచి, కార్డులోంచి తీసి, ఎక్కడో దూరంగా ఉన్న ప్రత్యేక ఎక్స్ఛేంజిలో పెట్టడం. దాంతో హోటల్ ఫోనైనా, పక్కింటి ఫోనైనా పనికొస్తుంది. ఆ ఇంజినీరు ఈ పని చేయగలడా అన్నది కాదు ప్రశ్న. చేయాలని అతనికి తోచేదా?

ఇదే ఆవిష్కరణ మీద బ్రిటన్‌లో తీసుకున్న పేటెంటు 2006లో అక్కడి అప్పీలు కోర్టుకు చేరింది. ఇది పేటెంటు రాని వట్టి వ్యాపార పద్ధతి కాదు, కొత్త వ్యవస్థ అని కోర్టు అంది. అక్కడ తేలింది అంతే. కొత్తదే అయినా, సులువుగా తట్టేదైతే పేటెంటు నిలవదు. ఆ సంగతి ఆ కేసులో కోర్టు ముట్టుకోలేదు.

నా మటుకు నేను కామిల్ వైపే కొంచెం మొగ్గుతాను. ఫోన్‌కార్డు దారి ఊరంతా కొత్త పెట్టెలు బిగించే దారి. ఆయన దానికి ఎదురుగా నడిచారు. అయితే ఆ కార్డులు తర్వాత తెగ అమ్ముడుపోయాయి కాబట్టి అది గొప్ప ఆలోచనే అంటే మాత్రం ఒప్పుకోను. మనవాళ్లు వాటిని కొన్నది ఎక్స్ఛేంజి గొప్పతనం చూసి కాదు. ఇండియాకు నిమిషానికి ఎన్ని సెంట్లని కొట్టు గోడ మీద అంటించిన కాగితం చూసి.