ఊరి అంచున ఓటు: నెల్లూరు పార్లమెంటు, రూరల్ కథ

అందరికీ నమస్కారం. నెల్లూరు పార్లమెంటు చరిత్ర మీద మాట్లాడమన్నారు. 1952 నుంచి వరసగా చెప్పుకుంటూ వస్తే అది ఎంపీల జాబితా అవుతుంది, మీరు కునికిపాట్లు పడతారు. అందుకని ఊరి అంచు నుంచి మొదలుపెడతాను. వేదాయపాళెం, బుజబుజ నెల్లూరు, కల్లూరుపల్లి, కనుపర్తిపాడు... ఈ హాల్లో అటువైపు వాళ్లే ఎక్కువమంది కనిపిస్తున్నారు. మీరు ఓటు ఎవరికి వేశారన్నది అందరూ లెక్కపెడతారు. మీ ఇంటి పక్కన నియోజకవర్గం సరిహద్దు గీత ఎక్కడ గీశారన్నది ఎవరూ అడగరు. నన్నడిగితే రెండోదే పెద్ద సంగతి.

నియోజకవర్గాల గీతలు కొత్తగా గీసిన 2008 పునర్విభజన దాకా ఉమ్మడి నెల్లూరు జిల్లాకు 11 అసెంబ్లీ స్థానాలుండేవి. ఆ తర్వాత 10 అయ్యాయి. రాపూరు, అల్లూరు నియోజకవర్గాలు పోయాయి. అల్లూరు మండలం కావలిలోకి, రాపూరు మండలం వెంకటగిరిలోకి వెళ్లాయి. నెల్లూరు ఒక్కటీ సిటీ, రూరల్ అని రెండైంది. అంటే పల్లెలు రెండు సీట్లు పోగొట్టుకున్నాయి, పట్నానికి ఒకటి పెరిగింది. జనం ఎటు కదిలితే సీటు అటు కదులుతుంది, అందులో అన్యాయమేమీ లేదు. కానీ ఆ పెరిగిన సీటును ఎలా కట్టారో చూడండి. గొల్లకందుకూరు, వెల్లంటి, సౌత్ మోపూరు, ములుముడి, దేవరపాళెం, పొట్టేపాళెం లాంటి వరి పండే ఊళ్లు కొన్ని. వాటికి పాత మున్సిపాలిటీలోంచి 16 నుంచి 26 దాకా వార్డులు కలిపారు. తర్వాత కార్పొరేషన్ చుట్టుపక్కల పంచాయతీలను మింగింది. ఇవాళ కార్పొరేషన్‌లో 54 డివిజన్లుంటే 26 రూరల్ ఎమ్మెల్యే కిందే ఉన్నాయి.

ఇప్పుడు ఆ ఎమ్మెల్యే పని ఏంటో ఆలోచించండి. పొద్దున కాలువ చివరి భూములకు నీళ్లు రావడంలేదని రైతులు వస్తారు. మధ్యాహ్నం లేఅవుట్‌లో డ్రైనేజీ పొంగిందని అపార్ట్‌మెంటు వాళ్లు వస్తారు. మొదటిది ఇరిగేషన్ శాఖ, రెండోది కార్పొరేషన్. మధ్యలో రైలు పట్టాలొస్తే రైల్వే. 2022 జూలైలో రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి మురుగుకాలవలోకి దిగి నిలబడ్డ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. వంతెన విషయంలో రైల్వే, కార్పొరేషన్ అధికారులు తేల్చడంలేదని ఆయన గొడవ. అప్పటికి ఆయన అధికార పార్టీలోనే ఉన్నారు. దాన్ని నాటకమన్నవాళ్లున్నారు, పోరాటమన్నవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో శివారు నియోజకవర్గం స్వభావమంతా కనిపించింది. సమస్య ఒకచోట, సంతకం ఇంకోచోట. ఆ సీటులో 2009లో ఆనం వివేకానందరెడ్డి గెలిచారు. 2014 నుంచి మూడుసార్లూ శ్రీధర్ రెడ్డే. రెండుసార్లు వైఎస్సార్సీపీ, 2024లో తెలుగుదేశం.

పార్లమెంటుకొస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. మన ఊరు దాటి దక్షిణంగా హైవే ఎక్కితే వెంకటాచలం మండలం వచ్చేస్తుంది. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కాకుటూరులో, అంటే అక్కడే ఉంది. తూర్పున ముత్తుకూరు మండలం. కృష్ణపట్నం పోర్టు, నేలటూరు థర్మల్ కేంద్రం ఆ మండలంలోవే. ఇవన్నీ సర్వేపల్లి అసెంబ్లీ కిందకొస్తాయి. సర్వేపల్లి తిరుపతి పార్లమెంటులో ఉంది. పోర్టు లారీలు మన గడప ముందు తిరుగుతాయి, పోర్టు గురించి ఢిల్లీలో అడగాల్సింది మాత్రం తిరుపతి ఎంపీ. అటు ఉత్తరాన కందుకూరు మన ఎంపీకి ఓటేస్తుంది. పాపం కందుకూరును ఎన్నిసార్లు కదిపారో! 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి తీసేశారు, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. 2009 నుంచి 2022 దాకా వాళ్ల ఎంపీ నెల్లూరు, కలెక్టరు ఒంగోలు.

మొదటి ఎన్నికలప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. 1952లో నెల్లూరు నుంచి గెలిచింది ఇండిపెండెంటు, బెజవాడ రామచంద్రారెడ్డి. 1930లలో మద్రాసు శాసనమండలికి అధ్యక్షత వహించిన మనిషి. 1962 నుంచి ఇది ఎస్సీ స్థానం. అంజనప్ప, కామాక్షయ్య, పెంచలయ్యల కాలం గడిచాక ఒక విశేషం జరిగింది. దాన్ని మనమే సరిగా చెప్పుకోలేదు. 1991లో కుడుముల పద్మశ్రీ, 1996లోనూ 1998లోనూ పనబాక లక్ష్మి, 1999లో ఉక్కాల రాజేశ్వరమ్మ, 2004లో మళ్లీ పనబాక లక్ష్మి. వరసగా ఐదు ఎన్నికలు, 18 ఏళ్లు, నెల్లూరు ఎంపీ దళిత మహిళే. పార్లమెంటు సీట్లకు మహిళా కోటా అనే మాట చట్టంలో లేని రోజులవి. రెండు వేర్వేరు పార్టీలు, ముగ్గురు వేర్వేరు ఆడవాళ్లు.

2009 నాటికి గీత మారింది, నెల్లూరు జనరల్ అయింది. అప్పటికి కేంద్రంలో సహాయమంత్రిగా ఉన్న పనబాక లక్ష్మి బాపట్లకు వెళ్లి పోటీచేసి గెలిచారు. ఇక్కడ మేకపాటి రాజమోహన్ రెడ్డి 2009లో, 2012 ఉప ఎన్నికలో, 2014లో గెలిచారు. 2019లో ఆదాల ప్రభాకర్ రెడ్డి, 2024లో వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి. పార్టీలు మారాయి. ఇంటిపేరు మారినా చివరి మాట మారలేదని మీరు నవ్వుకుంటున్నారు, నాకు తెలుసు. నేను వ్యక్తులను తప్పుపట్టడంలేదు. రిజర్వేషన్ పోయిన మరుసటి ఎన్నికకే ఆ సీటుకు ఆడవాళ్లు, దళితులు ఇద్దరూ దూరమయ్యారు. 18 ఏళ్ల అలవాటు కూడా నిలబడలేదంటే, అది పార్టీల అలవాటు కాదు, గీత పెట్టిన అలవాటు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, గీతలు మళ్లీ మారబోతున్నాయి. 2008లో వాడింది 2001 జనాభా లెక్కలు. ఆ తర్వాత వెలిసిన ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు, ఊళ్లు కలిసిపోయి ఏర్పడ్డ వీధులు ఏ సరిహద్దు లెక్కలోనూ లేవు. రాజ్యాంగం 84వ సవరణ ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనగణనతో, అప్పటిదాకా గీతలు కదలకుండా వేసిన తాళం తెరుచుకుంటుంది. రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్‌లో మన అసెంబ్లీ స్థానాలు 175 నుంచి 225కు పెంచాలన్న మాట కూడా ఉంది. 2023లో చేసిన 106వ సవరణ చట్టసభల్లో మహిళల కోటాను పునర్విభజనకే ముడిపెట్టింది.

పోయినసారి గీతలు గీసిన కుల్దీప్ సింగ్ కమిషన్ ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణలు పెట్టింది. కమిషన్‌తో కూర్చునే ఎంపీలు, ఎమ్మెల్యేలకు అందులో ఓటుండదు. తుది ఉత్తర్వు వచ్చాక కోర్టులు సాధారణంగా చెయ్యి పెట్టవు. కాబట్టి మాట్లాడాల్సింది ముసాయిదా రోజుల్లోనే. కాలనీ సంఘాలు పార్కు కోసం రాసే అర్జీల్లో సగం శ్రద్ధ దీనిమీద పెడితే చాలు. మన డివిజన్లు ఏ ఊళ్లతో కలిసుండాలి, ముత్తుకూరు, వెంకటాచలం ఏ పార్లమెంటులో ఉండాలి, కాలువ కింది ఊళ్లు అపార్ట్‌మెంట్లతో ఒకే సీటులో ఉండాలా వద్దా అన్నవి కాగితం మీద పెట్టండి. ఆఖరి ప్రశ్నకు నా జవాబు, ఉండకూడదని. రైతుల్లో కొందరు ఉండాలనే అంటారు. పట్నం ఓట్లు పక్కన ఉంటేనే తమ మాట ఎవరైనా వింటారని వాళ్ల లెక్క. ఆ వాదన నేను కొట్టిపారేయలేను. మీలో ములుముడి, దేవరపాళెం వైపు వాళ్లెవరైనా ఉంటే ముందు మీరే మాట్లాడండి, మైకు అటు పంపిస్తాను.