ఇద్దరి గొడవలో మూడో కుర్చీ

అందరికీ నమస్కారం.

ఆలుమగల తగవు ముదిరితే మన దగ్గర పెద్దమనుషులు కూర్చుంటారు. అటు నలుగురు, ఇటు నలుగురు. తప్పెవరిదో తేల్చి, ఒకరి చేత సరే అనిపించి, టీలు తాగి లేస్తారు. నెల తిరగకముందే అదే తగవు మళ్లీ మొదలవుతుంది. దంపతులకు, కుటుంబాలకు మాటలతో చికిత్స చేసే మా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా అలాంటి పంచాయితీనే ఆశిస్తారు. భర్త కూర్చోగానే 'మీరే చెప్పండి మేడమ్, ఇందులో నా తప్పేముంది?' అంటాడు. భార్య సాక్ష్యానికి వాట్సాప్ సందేశాలు తీస్తుంది. తీర్పు చెప్పడం మా పని కాదు. చెబితే ఒకరు గెలుస్తారు, రెండోవారు మరుసటి వారం రావడం మానేస్తారు.

మేము చూసేది గొడవ నడిచే వరస. ఆమె అడుగుతుంది, అతను పలకడు. ఆమె గొంతు పెంచుతుంది, అతను బండి తీసుకుని బయటికి పోతాడు. 'మాట్లాడడు కాబట్టి అరుస్తాను' అని ఆమె, 'అరుస్తుంది కాబట్టి మాట్లాడను' అని అతను. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎవరు మొదలుపెట్టారని తవ్వుకుంటూ పోతే పెళ్లిచూపుల దాకా వెళతాం. 1980లలో కెనడాలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ రూపొందించిన చికిత్సా పద్ధతి ఈ వరసనే పట్టుకుంటుంది. ఆ అరుపు వెనక 'నేనంటే లెక్క లేదేమో' అన్న భయం, ఆ మౌనం వెనక 'నేనేం చేసినా చాలదు' అన్న బెంగ ఉండవచ్చు. ఆ మాటలు పైకి వచ్చేదాకా ఆగాలి. ఆగడమే ఈ వృత్తిలో కష్టం.

ఇక మూడో మనిషి సంగతి. ఇద్దరి మధ్య బిగువు భరించలేనంత పెరిగితే మూడోవారిని లాగుతారని అమెరికన్ మనోవైద్యుడు మరే బోవెన్ అన్నాడు. దాన్ని త్రిభుజం అన్నాడు. 'మీ నాన్నకు అన్నం వడ్డించానని చెప్పు' అనే మాట మీరు వినే ఉంటారు. నాన్న రెండడుగుల దూరంలోనే ఉంటాడు. ఆ కబురు మోసే పిల్లవాడికి పొద్దున్నే కడుపునొప్పి వస్తుంది, పరీక్షల్లో ఏమీ తేలదు. మందు పిల్లవాడికి కాదు, త్రిభుజానికి కావాలి.

బోవెన్ పద్ధతిలో మూడు తరాల వంశపటం గీయడం ఒక ముఖ్యమైన పని. మేనరికాలున్న ఇళ్లలో అది గీయడమే ఒక పరీక్ష. అత్తగారు స్వయానా మేనత్త. కోడలు అలిగిందంటే అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు ఆగిపోతాయి. అమెరికా పుస్తకాల్లో ఇలాంటి గీతలు అరుదు.

ఒక గదిలోకి తీసుకెళ్తాను. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, చాలా ఇళ్ల సంగతులు కలిపి చెబుతున్నాను. మూడు కుర్చీలు, నడిమి దానిలో అత్తగారు. ఊరికి పంపే డబ్బు గురించి కోడలు అడిగింది. కొడుకు నోరు తెరిచేలోపే తల్లి జవాబిచ్చింది. నేను వాదించలేదు. 'అమ్మా, మీరు నా పక్కకు వచ్చి కూర్చోండి. వాళ్లు మాట్లాడుకుంటుంటే మనిద్దరం విందాం' అన్నాను. కొడుకు నావైపు తిరిగి 'మా ఆవిడకు మీరైనా చెప్పండి' అన్నాడు. 'నాకు కాదు, ఆమెకే చెప్పండి' అన్నాను. చాలాసేపటికి నోరు విప్పాడు: 'డబ్బు పంపకపోతే నాన్న దృష్టిలో నేను కొడుకునే కాను.' ఆమె 'ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే' అంది.

కుర్చీలు మార్చడం, గొడవను గదిలోనే ఎదురెదురుగా మాట్లాడించడం కుటుంబ చికిత్సకుడు సాల్వడార్ మినూచిన్ పద్ధతి. అతను చెప్పిన హద్దులంటే వేరు కాపురం పెట్టమని కాదు. ఉమ్మడి కుటుంబంలోనూ దంపతులకు తమవైన మాటలు కొన్ని ఉండాలి, అంతే.

కుటుంబాన్ని చికిత్సలో కలుపుకోవడం పడమటి సరుకని అనుకోవద్దు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలో గుడారాల్లో ఉంచి వైద్యం చేశారు.

అన్ని తగవులూ తీరతాయని నేను ఆశ పెట్టను. దంపతుల విభేదాల్లో దాదాపు 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తెగేవి కావని అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ పరిశోధనల్లో తేలింది. కాపురాన్ని తినేసేది విభేదం కన్నా ఈసడింపు. 'మీ వాళ్ల బుద్ధులు ఎక్కడికి పోతాయి' అనే మాట ఆ కోవలోదే.

చివరిగా ఒక్క విషయంలో మాత్రం నేను గొడవ నడిచే వరస వెతకను. భర్త చేయి చేసుకునే ఇంట్లో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించకూడదు. గదిలో ఆమె చెప్పిన నిజానికి ఇంటికి వెళ్లాక దెబ్బలు పడవచ్చు. అక్కడ ముందు చూడాల్సింది ఆమె భద్రత. అందుకు 2005 నాటి గృహహింస చట్టం ఉంది, మహిళల సహాయానికి 181 నంబరు ఉంది. 'సర్దుకుపో అమ్మా' అని ఆమెను వెనక్కి పంపే పెద్దమనుషులు ఈ సభలో ఎవరైనా ఉంటే, ఆ నంబరు రాసుకుని వెళ్లండి.