వేడి కట్టెలో ఉందా, గాలిలో ఉందా?

అందరికీ నమస్కారం. వేడిని కొలిచే జౌళ్లు, కాలరీలు అంటూ మొదలుపెడితే సగం మంది ఫోన్లు తీస్తారని తెలుసు, కాబట్టి ముందు ఊదుగొట్టం దగ్గరికి వెళ్దాం.

మా ఇంట్లో చిన్నప్పుడు కట్టెల పొయ్యి. వానాకాలంలో కట్టెలు సరిగ్గా ఎండేవి కావు, ఇల్లంతా పొగ, అమ్మ కళ్లు తుడుచుకుంటూ ఊదుగొట్టంతో రెండుసార్లు ఊదితే భగ్గుమని మంట లేచేది, పొగ సగానికి సగం తగ్గేది. ఆ పొగ ఏమైనట్టు? కాలిపోయిందండీ. కట్టె వేడెక్కగానే దాన్నుంచి వాయువులు బయటికొస్తాయి, వాటికి తగినంత గాలి, వేడి దొరికితే మంట, దొరక్కపోతే పొగ. డబ్బు పెట్టి కొన్న కట్టే అలా కాలకుండా ఇంటికప్పు దాటి పోతుందన్నమాట.

పచ్చికట్టెలో నీళ్లు వేడిని తినేస్తాయంటారు. నిజమే, కానీ లెక్క వేస్తే తమాషాగా ఉంటుంది. కిలో కట్టెలో పావుకిలో నీరుందనుకోండి, దాన్ని ఆవిరి చేయడానికి సుమారు 640 కిలోజౌళ్లు చాలు. మిగతా ముప్పావుకిలో కలప పూర్తిగా కాలితే ఇచ్చేది 13 వేల పైచిలుకు. అంటే నీళ్లు తినేది ఇరవయ్యో వంతే! అసలు దెబ్బ ఎక్కడంటే, ఆ తడికి పొయ్యి చల్లబడి వాయువులు అంటుకోవు.

బొగ్గుతో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. 12 గ్రాముల కార్బన్ పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడ్ అయితే 394 కిలోజౌళ్ల వేడి వస్తుంది, గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతే 110. మూడోవంతు కూడా లేదు. మిగతాదంతా ఆ వాయువులోనే ఉండిపోతుంది. కుంపటి మీద సన్నగా నీలం మంటలు ఆడుతుంటాయి చూశారా, అది ఆ మోనాక్సైడే, పైన గాలి తగిలి కాలుతోంది. తలుపులు మూసిన గదిలో మాత్రం కుంపటి పెట్టుకుని పడుకోకండి, ఆ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

గ్యాసుకైనా ఇంతే. కిలో ఎల్పీజీ కాలడానికి 15 కిలోల పైన గాలి కావాలి, 14.2 కిలోల సిలిండర్ అయిపోయేసరికి మీ వంటింట్లో 200 కిలోల పైగా గాలి ఖర్చయినట్టే. దానికి బిల్లు లేదు కాబట్టి మనకు పట్టదు. మా పొయ్యి మంట పసుపు రంగులోకి తిరిగి గిన్నెల అడుగులు నల్లబడుతుంటే, నెల రోజులు గ్యాసునే తిట్టుకుంటూ మసి తోమాను. చివరికి రిపేరు చేసే ఆయన వచ్చి, బర్నర్‌కి గాలి పోయే గొట్టంలోంచి ఇంత సాలెగూడు లాగాడు. వెలిగిస్తే మంట నీలం. రెండు వందలు తీసుకుని వెళ్లాడు.

ఇక మీరు అడగండి.