'భారతమాత' చూసి మనిషి బొమ్మ నేర్చుకోవచ్చా? నాలుగు కాగితాల తర్వాత నా రివ్యూ

నమస్తే అండీ. ఈరోజు రివ్యూ కలర్ బాక్స్‌ గురించి కాదు, ఒక పద్ధతి గురించి. పాత వాటర్‌కలర్ ఒకటి ముందు పెట్టుకుని, దాన్నే మళ్లీ వేస్తూ మనిషి బొమ్మ నేర్చుకోవడం. నేను ఎంచుకున్నది అవనీంద్రనాథ్ ఠాగూర్ 1905లో వేసిన 'భారతమాత'. మూడు వారాలు పట్టింది. ఇదిగో, ఇది నాలుగో కాగితం.

ఇదే ఎందుకంటే, కాషాయ వస్త్రం కిందిదాకా జారి ఉంటుంది. కాళ్ల కొలతల టెన్షన్ తక్కువ. కష్టమంతా ముఖంలో, చేతుల్లో. పుస్తకం, వరి కంకులు, తెల్లబట్ట, జపమాల పట్టుకున్న నాలుగు చేతులు! వెనక చేతులు భుజం దగ్గర ఎక్కడ మొదలవుతాయో పెన్సిల్‌తో తేల్చుకోవడానికే నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

ఇక వాష్ సంగతి. రంగు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, కాగితం మొత్తాన్ని నీళ్ల ట్రేలో ముంచుతాం. పట్టని రంగు నీళ్లలోకి పోతుంది, పట్టింది మెత్తబడుతుంది. మళ్లీ పలచగా రంగు, మళ్లీ ముంచడం. 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సోల పని చూశాకే అవనీంద్రనాథ్ ఈ దారి పట్టారు.

దవడ దగ్గర చూడండి, కెమెరా దగ్గరికి తెస్తాను. మొదటి కాగితంలో ఇక్కడ గీత గీశాను. ముఖం తెచ్చి మెడ మీద అతికించినట్టు వచ్చింది. ఈ నాలుగోదాంట్లో గీతే లేదు. మెడ మీద పలచటి గోధుమరంగు మూడుసార్లు వేశాను, ప్రతిసారీ ముంచాను. ఆ నీడే దవడను ముందుకు తెచ్చింది. అది చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదండీ, అంత సంతోషం.

కాగితం మాత్రం మంచిది కొనండి. కోఠీలో చవగ్గా దొరికిందని పలచటిది తెచ్చాను. రెండో ముంపుకే బుగ్గ మీద పీచు లేచింది. 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి కాటన్ కాగితం తట్టుకుంది. మన హైదరాబాద్ ఎండల్లో ఫ్యాన్ ఆపేసి వేయండి. లేకపోతే రంగు పరుచుకునేలోపే అంచులు ఆరి మరకలు కడతాయి.

నెట్‌లో ఫొటోకో రకంగా కాషాయం కనిపిస్తుంది. అందుకే రంగు కలపడం మీద కాకుండా వెలుగునీడల మీద కన్ను పెట్టండి. పెన్సిల్‌తో తల, మొండెం కొలతలు కొంచెమైనా వచ్చినవాళ్లకు ఈ పద్ధతి గట్టిగా చెబుతాను. అసలు బ్రష్ పట్టనివాళ్లు ముందు ఒక నెల వాష్‌లు మాత్రమే వేయండి.

తెల్లబట్ట పట్టిన చెయ్యి నాకింకా కుదరలేదు, వేళ్లు బిగుసుకున్నట్టున్నాయి. ఈ ఆదివారం ఐదో కాగితం మీద ఆ చెయ్యి ఒక్కటే పెద్దదిగా వేస్తున్నాను. ట్రే, కాగితం సిద్ధం చేసుకోండి, కలిసి వేద్దాం.