పాత టోకెన్‌తో కొత్త లోడ్ టెస్ట్

నిర్వాహకుడు: హనుమకొండ నుంచి శ్రోతలకు నమస్కారం. మేడారం జాతర కోసం బస్సు సీట్లు బుక్ చేసే ఒక అప్లికేషన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఒకేసారి చాలా మంది వస్తే అది తట్టుకుంటుందో లేదో చూడటమే లోడ్ టెస్ట్. బ్రౌజర్‌లో చేసిన ఒక బుకింగ్‌ను, ఆ పరీక్ష చేసే జేమీటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, దాన్నే వెయ్యి మంది యూజర్లతో నడిపిస్తే సరిపోదా మేడమ్?

అతిథి: సరిపోదండి. లాగిన్ కాగానే సర్వర్ ఆ యూజర్‌ను గుర్తుపట్టే సెషన్ ఐడీని, ఫారం తెరిస్తే అది తన పేజీ నుంచే వచ్చిందని తేల్చుకునే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్‌ను ఇస్తుంది. ఇవి ఏ యూజర్‌వి ఆ యూజర్‌కే. రికార్డులో ఉన్న పాత టోకెన్‌నే అందరూ పంపితే, సర్వర్ ఆ రిక్వెస్టులను డేటాబేస్ దాకా పోనివ్వకుండా గడపలోనే తిప్పి పంపుతుంది. అది క్షణాల్లో అయ్యే పని కనుక రిపోర్టు అద్భుతంగా ఉంటుంది, పరీక్ష మాత్రం జరగనే లేదు. అందువల్ల ప్రతి జవాబులోంచి టోకెన్‌ను తీసి తరువాతి రిక్వెస్టులో పెట్టాలి. దీన్నే కోరిలేషన్ అంటాం.

నిర్వాహకుడు: సర్వర్ నుంచి 200 స్టేటస్, అంటే రిక్వెస్టు సఫలమైందని చెప్పే కోడ్, వచ్చిందంటే బుకింగ్ అయినట్టే కదా?

అతిథి: "మీ సెషన్ ముగిసింది" అనే పేజీ కూడా చాలా అప్లికేషన్లలో 200తోనే వస్తుంది. పేజీలో టికెట్ నంబరు ఉందో లేదో అసర్షన్‌తో, అంటే జవాబును సరిచూసే నియమంతో, చూడాల్సిందే. డేటా సంగతీ అంతే: అందరూ ఒకే రూటు వెతికితే జవాబు క్యాష్ (సర్వర్ ముందే దాచుకున్న కాపీ) నుంచి వస్తుంది, అందరూ ఒకే సీటు అడిగితే డేటాబేస్‌లో ఆ సీటు ఉన్న రో మీద లాక్ కోసం క్యూ కడతారు. రెండూ అసలు రద్దీని చూపవు.

నిర్వాహకుడు: థింక్ టైమ్, అంటే యూజర్ పేజీ చదువుతూ ఆగే సమయం, పెట్టడం తప్పనిసరా?

అతిథి: లెక్క చూడండి. జవాబుకు 2 సెకన్లు, పేజీ చదవడానికి 18 సెకన్లు పడితే వెయ్యి మంది నుంచి సెకనుకు 50 రిక్వెస్టులు వస్తాయి. చదివే సమయాన్ని తీసేస్తే, జవాబు వేగం మారనంత వరకు, అదే వెయ్యి మంది సెకనుకు 500 పంపుతారు. యూజర్ల సంఖ్యను ఒక్కో రిక్వెస్టుకు పట్టే మొత్తం సమయంతో భాగించే ఈ లెక్కే లిటిల్ సూత్రం.

నిర్వాహకుడు: సీట్ల పటం జావాస్క్రిప్ట్‌తో మారుతూ ఉంటుంది కదా?

అతిథి: జేమీటర్ బ్రౌజర్ కాదు, జావాస్క్రిప్ట్‌ను నడపదు. ఆ పటం వెనుక నుంచి పంపే ఏపీఐ కాల్స్‌ను (డేటా కోసం సర్వర్‌కు వెళ్లే రిక్వెస్టులను) మనమే స్క్రిప్టులో రాయాలి. వెబ్‌సాకెట్, అంటే సర్వర్‌తో తెరిచే ఉండే కనెక్షన్ అయితే జేమీటర్‌కు అదనంగా ప్లగిన్ కావాలి. స్క్రీన్ మీద పటం గీయడానికి పట్టే సమయం కావాలంటే, ఆ లోడ్ నడుస్తుండగానే పక్కన కొన్ని నిజమైన బ్రౌజర్లను నడిపి కొలవాలి. జవాబు సమయాల సగటును మాత్రం నేను నమ్మను. 95వ పర్సెంటైల్, అంటే నూటికి 95 జవాబులు ఎంత సమయంలోపు వచ్చాయో అడుగుతాను.