నేను మూడు వేసిన వ్యాసం

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, పిలిచిన నిర్వాహకులకు, ఆదివారం నిద్ర మానుకుని నారాయణగూడ దాకా వచ్చిన ఇంగ్లీషు టీచర్లకు. పేర్లు చదవను. ఒకరిని మర్చిపోతే ఏడాది పాటు మాట పడాలి. శాలువా కప్పారు, సంతోషం. మే నెలలో శాలువా ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు, తీసి పక్కన పెడుతున్నాను.

'జీఆర్ఈ వ్యాసానికి స్కోరు వేయడం ఎలా' అని నాకిచ్చిన విషయం. జీఆర్ఈ అంటే అమెరికాలో పై చదువులకు మన పిల్లలు రాసే పరీక్ష, అందులో ఇంగ్లీషులో ఒక వ్యాసం రాయాలి. స్లైడ్లు తెచ్చాను. కానీ ముందు ఒక సంగతి చెప్పాలి. అది దాచుకుని మీకు పాఠం చెప్పడం బాగుండదు.

రిటైరయ్యాక అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో మాక్ టెస్టు వ్యాసాలు దిద్దేవాడిని. ఒకరోజు వచ్చిన టాపిక్: ఒక సమాజాన్ని అర్థం చేసుకోవాలంటే దాని పెద్ద నగరాలను చదవాలి, ఒప్పుకుంటారా? టైము 30 నిమిషాలు. మొదటి ప్రింటవుట్‌లో లియొనార్డో, ఐన్‌స్టీన్, పారిశ్రామిక విప్లవం. అయిదు పేరాలు, ప్రతి పేరాకీ ముందు ఒక 'ఫర్దర్‌మోర్', లేదంటే 'మోర్‌ఓవర్'. ఆరుకి నాలుగున్నర వేశాను. రెండోది మహబూబ్‌నగర్ వైపు అబ్బాయిది. రెండున్నర పేరాలు. 'పీపుల్'కి కూడా ఎస్ తగిలించాడు. ఎర్ర పెన్నుతో ఏడు చోట్ల సున్నాలు చుట్టి మూడు వేశాను.

వెనక వరసకి వినిపిస్తోందా? మైకు కొంచెం దగ్గరికి జరుపుతాను.

స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లినవాళ్లు ఇక్కడ సగం మంది ఉంటారు. బండిల్ విప్పుతాం, మొదటి పేజీ చేతిరాత చూస్తాం, చేయి మార్కు వైపు పోతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత పేపర్ల సంగతి నేను చెప్పక్కర్లేదు. చీఫ్ ఎగ్జామినర్ వచ్చి టోటల్ సరిపోయిందా అని చూస్తాడు గానీ, చదివావా అని ఎవరూ అడగరు. ముప్పై ఏళ్లు ఆ అలవాటుతో బతికినవాణ్ణి. కంప్యూటర్లో టైపు చేసిన వ్యాసానికి చేతిరాత ఉండదు కదా, దాని బదులు మొదటి పేరా చూడటం మొదలుపెట్టాను.

మనమే నయం అనుకోకండి, యంత్రమూ అంతే. జీఆర్ఈ వ్యాసాన్ని ఒక మనిషీ, ఈ-రేటర్ అనే ప్రోగ్రామూ చదువుతాయి. రెండింటికీ తేడా ఎక్కువైతే ఇంకో మనిషి చదువుతారు. 2014లో ఎమ్ఐటీకి చెందిన లెస్ పెరెల్మన్ విద్యార్థులతో కలిసి బేబెల్ అని ఒక ప్రోగ్రామ్ చేశారు. రెండు మూడు మాటలిస్తే చాలు, పెద్ద పెద్ద పదాలతో తలాతోకా లేని వ్యాసం పుట్టిస్తుంది. ఆ చెత్తకి వ్యాసాలు దిద్దే యంత్రాలు మంచి మార్కులే వేశాయి. నేను చదివి పకపకా నవ్వాను. తర్వాత నా నాలుగున్నర గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఆ అబ్బాయి వచ్చి, "సార్, మూడే ఎందుకొచ్చింది?" అని అడిగాడు. "ముందు గ్రామర్ చూసుకో. లోకల్ ఉదాహరణలు వద్దు, అమెరికావాళ్లకు కూలీల అడ్డా ఏం తెలుస్తుంది బాబూ?" అన్నాను. తలూపి వెళ్లాడు. తర్వాతి మాక్‌లో వాడి వ్యాసంలోనూ ఐన్‌స్టీన్ వచ్చాడు. నాలుగు వేసి, వెరీ గుడ్ అని రాశాను.

వాడి అసలు పరీక్ష కూడా అయిపోయాక, ఒక సాయంత్రం మా సహోద్యోగి మేడమ్ పాత కట్ట తిరగేస్తూ, "సార్, సిటీ టాపిక్‌లో ఈ ఐన్‌స్టీన్ ఎందుకొచ్చాడు?" అంది. వెతికాను. ఎందుకూ రాలేదు. ఆ పేరాని విద్య మీద వ్యాసంలోనైనా, టెక్నాలజీ మీద వ్యాసంలోనైనా యథాతథంగా దింపేయొచ్చు. ఇంకా వెతికితే అదే పేరా అదే బ్యాచ్‌లో ఇంకో ముగ్గురి దగ్గర దొరికింది.

అప్పుడు మూడు వేసిన కాగితం తీసి మొదటిసారి చదివాను. అవును, మొదటిసారే. పొద్దున ఆరింటికి అడ్డా మీద కూలీలు నిలబడతారట. చేతిలో టిఫిన్ డబ్బా, పక్కన పార. మేస్త్రీ వచ్చి భుజాలు చూసి ఎంచుకుంటాడట. వీళ్లను చూస్తే హైదరాబాద్‌ని ఎవరు కడుతున్నారో తెలుస్తుంది, కానీ ఎందుకొచ్చారో తెలియాలంటే ఎండిన బోరు చూడాలి, అది సిటీలో లేదు అని రాశాడు. టాపిక్ అడిగింది సరిగ్గా ఇదే కదండీ! నగరం ఎంతవరకు చెబుతుంది, ఎక్కడ ఆగిపోతుంది?

స్కోరింగ్ గైడు బయటే ఉంది, ఎవరైనా చదవొచ్చు. సున్నా నుంచి ఆరు, అర చొప్పున. ఆరు వచ్చే వ్యాసంలో కూడా చిన్న తప్పులు ఉండొచ్చని అందులోనే ఉంది. పరీక్షలో స్పెల్లింగ్ దిద్దిపెట్టే సౌకర్యం ఉండదు మరి. 2023 సెప్టెంబరు నుంచి రెండో వ్యాసం తీసేశారు, ఉన్నదల్లా ఈ ఒక్కటే. అందులో మొట్టమొదట చూడాల్సింది ఆలోచన. అంటే వాడి వ్యాసానికి ఆరు రావాలనడం లేదు. వాక్యాలు నిజంగానే కుంటుతాయి, చివర హడావిడిగా ముగించాడు. కానీ మూడు కాదు.

స్లైడ్లకి టైము లేదంటున్నారు. సరే, వదిలేద్దాం. ఆ వ్యాసం జిరాక్సులు తెచ్చాను. పేరు తీసేశాను, నా మార్కూ, ఎర్ర సున్నాలూ చెరిపేశాను. అమ్మా, ఇవి ఆ చివరి వరస దాకా పంచండి. పెన్నులు అప్పుడే తీయకండి, ముందు చివరిదాకా చదవండి.